సింహం పక్కన కూర్చుని వచ్చిన యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

టాంజానియా నుంచి తిరిగి వచ్చి నువ్వు పంపిన యాత్రా వ్యాసం అందింది. ఎన్‌గోరొంగోరో అగ్నిపర్వత బిలంలో, అంటే చల్లారిన అగ్నిపర్వతం కుంగి ఏర్పడిన గిన్నె లాంటి ఆ విశాలమైన లోయలో, ఒక పగలంతా గడిపి, సింహాన్నీ ఏనుగునూ ఖడ్గమృగాన్నీ చూసి వచ్చిన ఉత్సాహం ప్రతి పుటలోనూ కనిపిస్తున్నది. అయితే ‘గుండె ఆగినంత పనైంది’ అన్న మాట నాలుగు చోట్ల వాడావు. నాలుగో చోటికి వచ్చేసరికి పాఠకుని గుండె నిక్షేపంగా కొట్టుకుంటూ ఉంటుంది.

చదువుతూ నేను ఆగిపోయిన చోటు ఒకటున్నది. ఎండ ముదిరిన వేళ ఒక ఆడసింహం తీరిగ్గా నడిచి వచ్చి మీ జీపు నీడలో, వెనుక చక్రానికి వీపు ఆనించి పడుకున్నదనీ, కంటి చివర ఈగలు మూగితే చెవి మాత్రం విదిల్చిందనీ, డ్రైవరు కిటికీ అద్దం సగం ఎత్తి ఊరుకున్నాడనీ రాశావు. అంతవరకు చాలా బాగుంది. ఆ వెంటనే ‘మృగరాణి నా కళ్ళలోకి చూసి నా ఆత్మను చదివింది’ అని తగిలించావు. ఆ వాక్యం కొట్టివేయి. చెట్టు అరుదైన ఆ గడ్డి నేల మీద దానికి కావలసింది నీడ. పుట్టిన నాటి నుంచి జీపులను చూస్తూ పెరిగిన సింహానికి నువ్వూ నీ కెమెరా జీపులో భాగాలే. అంత దగ్గరకు వచ్చి కూడా అది నిన్ను లెక్కచేయకపోవడమే ఆ ఘట్టంలోని విశేషం; నిన్ను కథానాయకుణ్ణి చేసుకునే తొందరలో దాన్ని వదులుకున్నావు.

ఆ ఈగలను మాత్రం వదలకు. 1962లో విపరీతమైన వానల తరువాత ఆ బిలంలో రక్తం పీల్చే ఈగలు ప్రబలి, సింహాల ఒళ్ళంతా పుండ్లు చేసి, వేటాడే ఓపిక లేకుండా చేశాయి. బాధ తట్టుకోలేక కొన్ని చెట్లెక్కాయి, కొన్ని దుమ్ములగొండుల బొరియల్లో దూరాయి. చివరికి మిగిలినవి పది, అటూ ఇటూగా. ఇప్పుడక్కడ కనిపించే సింహాలు చాలావరకు ఆ కొద్దిపాటి సింహాల సంతతే. ఈ సంగతి తెలిసిన పాఠకుడు నీ ఆడసింహం చెవి విదిలింపును వేరే కళ్ళతో చూస్తాడు. అందుకోసం నువ్వు ఒక్క విశేషణం కూడా అదనంగా వాడనక్కరలేదు.

దుమ్ములగొండుల విషయంలో నీతో గట్టిగానే విభేదిస్తాను. పొద్దున్నే సింహాలు ఒక వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద జింక కళేబరాన్ని తింటుంటే చుట్టూ కాచుకుని కూర్చున్న వాటిని ‘పరుల కష్టం మీద బతికే దొంగలు’ అన్నావు. 1960లలో హన్స్ క్రూక్ అనే శాస్త్రవేత్త అదే బిలంలో రాత్రివేళ వాటి వెంట తిరిగి చూశాడు. చీకట్లో గుంపుగా తరిమి వేటను పడగొట్టేది తరచుగా దుమ్ములగొండులేననీ, ఆ అలికిడి విని వచ్చి వాటిని తరిమేసి తినేది సింహాలనీ తేలింది. తెల్లవారి చూసేవారికి దొంగ యజమానిలానూ, యజమాని దొంగలానూ కనిపిస్తారు. యాత్రికులను లోపలికి వదిలేది ఉదయం ఆరు గంటలకు, సాయంత్రం ఆరు లోపల బయటపడాలి. అంటే నువ్వు చూసింది కథలో రెండో సగం. ఆ మాట వ్యాసంలో ఒప్పుకుంటే నీ గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు.

చిన్న సవరణలు కొన్ని. బిలం అడుగున జిరాఫీలు ఉండవు. దాదాపు 600 మీటర్ల నిటారు గోడ అవి దిగలేవనీ, అడుగున వాటికి తగిన మేత చాలదనీ చెబుతారు. నువ్వు చూసింది బయటి వాలులో అయి ఉంటుంది, నోటు పుస్తకం తీసి చూసుకో. అడుగున తిరిగే ఏనుగులు చాలావరకు పెద్ద దంతాల ముసలి మగవే కనుక ‘ఏనుగు తల్లి మమత’ అన్న పేరా కూడా సరిచూడవలసిందే.

మధ్యాహ్నం నీటిగుర్రాల మడుగు పక్కన నీ చేతిలోని చికెన్ ముక్కను గద్ద తన్నుకుపోయిన సంగతిని ఒక్క వాక్యంలో ముగించావు. నన్నడిగితే ఆ రోజు మొత్తంలో ఒక అడవి ప్రాణి నిన్ను నిజంగా తాకింది అప్పుడే! మన ఊళ్ళ మీద తిరిగే గద్దకు అది దగ్గరి చుట్టం కూడా. రెక్క చెంపకు తగిలిందా, గోరు గీరుకుందా, పక్కవాళ్ళు నవ్వారా, ఇవన్నీ రాయి.

అక్కడ పశువులను మేపుకుని బతికే మసాయి తెగవారిని ‘ఎర్ర దుప్పట్ల అందమైన మనుషులు’ అని ఒక ఫోటో కింద సరిపెట్టడం నాకు నచ్చలేదు. 1959లో పక్కనున్న సెరెంగెటి మైదానం నుంచి వారిని తప్పించినప్పుడు ఎన్‌గోరొంగోరోలో పశువులతో బతకవచ్చన్నారు. 1974లో బిలం అడుగున కాపురమున్న వారిని కూడా ఖాళీ చేయించారు. నువ్వు ‘మనిషి అడుగుపెట్టని స్వర్గం’ అన్న నేల అదే.

తిరిగి రాసేటప్పుడు విమానాశ్రయం, వీసా, హోటలు పుటలు తీసివేసి జీపు నీడతోనే మొదలుపెట్టు. డ్రైవరు ఆ అరగంటలో ఏం మాట్లాడాడో గుర్తున్నంత వరకు అతని మాటల్లోనే రాయి. మీ అందరికంటే ఆ సింహాన్ని ఎక్కువసార్లు చూసినవాడు అతడే. సంక్రాంతి లోపల పంపితే తీరిగ్గా చదివి జవాబు రాస్తాను.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దవాడు