మ్యూజియాల్లో ఆఫ్రికా శిల్పాల కింద శిల్పి పేరు ఎందుకుండదు?

చెక్కినోళ్లకి పేర్లు లేక కాదండీ, పట్టుకెళ్లినోళ్లు అడగలేదు అంతే. వలసపాలన రోజుల్లో ఆఫీసర్లు, మిషనరీలు, వ్యాపారులు ఏ ప్రాంతం, ఏ తెగ అని రాసుకునేవాళ్లు, ఎవరు చేశారన్నది చాలాసార్లు వదిలేసేవాళ్లు, మ్యూజియాలు కూడా అదే లేబుల్ మీదకి ఎక్కించేశాయి.

ఒలోవే సంగతే చూడండి. నైజీరియాలో ఇసే ఊళ్లో ఉన్న యోరుబా తెగ శిల్పి, 1938లో పోయాడు. ఇకెరె రాజుగారి ప్యాలెస్‌కి ఆయన చెక్కిన తలుపులు 1924లో లండన్ వెంబ్లీ ఎగ్జిబిషన్‌కి వెళ్తే బ్రిటిష్ మ్యూజియం వాళ్లకి తెగ నచ్చేశాయి, బదులుగా ఇంగ్లండ్‌లో చేయించిన సింహాసనం ఒకటి రాజుగారికిచ్చి తలుపులు ఉంచేసుకున్నారు (భలే బేరం!). శిల్పి పేరు మాత్రం తర్వాతెప్పుడో గానీ బయటికి రాలేదు.

మరి పేరెలా దొరుకుతుందంటే, ఒకటి చెక్కిన తీరు పోల్చి చూడడం. కాంగోలోని లూబా తెగవాళ్ల పీటలు కొన్ని ఒకే చేతి పని అని బెల్జియం పరిశోధకుడు ఒల్‌బ్రెక్ట్స్ అలాగే పట్టుకున్నాడు, అసలు పేరు తెలీక ఊరి పేరుతో 'బూలి మాస్టర్' అన్నారు. రెండోది స్థానికుల్ని అడగడం, నాకైతే ఇదే అసలైన పని అనిపిస్తుంది. యోరుబాల్లో మనిషిని పొగిడే 'ఒరికి' పాటలుంటాయి, మన భట్రాజుల పొగడ్తల్లాంటివి అనుకోండి, ఒలోవే మీది ఒరికిని ఆయన భార్యే పాడితే 1988లో రాసుకున్నారు. పదేళ్లకి, 1998లో, వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ఆఫ్రికన్ ఆర్ట్ మ్యూజియంలో క్యూరేటర్ రోజ్లిన్ వాకర్ అచ్చంగా ఒలోవే పనితోనే ఎగ్జిబిషన్ పెట్టారు.