పేర్లు సరే, పని ఏది?

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, తేలుకుంచి ఊళ్లకు వలస వచ్చే పక్షుల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. బాగా శ్రమపడ్డావు. గూడబాతు (పెలికాన్) మొదలుకొని లకుముకి దాకా ముప్పైకి పైగా పిట్టల పేర్లు పోగుచేశావు, ఒక్కటీ తప్పు పోలేదు. అయితే చివరి పేజీకి వచ్చేసరికి పెళ్లిలో చదివింపుల పుస్తకం తిరగేసినట్లుంది గాని, పెళ్లి చూసినట్లు లేదు. ఇన్ని జాతులు ఒకే జిల్లా నీళ్లలో ఎలా ఇముడుతున్నాయి, ఒకటి మరొకదాన్ని ఎందుకు తరిమివేయలేదు అన్న ప్రశ్న నీ వ్యాసంలో ఎక్కడా తలెత్తలేదు. పాఠకుడికి అసలు కావలసింది అదే.

తేలుకుంచికి వచ్చే నత్తగొట్టు కొంగనే తీసుకో. ముక్కు మూసినా మధ్యలో సందు మిగులుతుందని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయావు. ఆ సందు పుట్టుకతో రాదు. గూటిలోని పిల్లకు అది కనిపించదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. ఒక వానాకాలం ఇచ్ఛాపురం దగ్గర పొలంగట్టు మీద కూర్చుని నేను చూసింది చెబుతాను. కొంగ బురదలోకి ముక్కు దించి నత్తను పట్టింది; కింది దవడ మొనను గుల్ల మూత దగ్గర దూర్చి, లోపలి కండను తెంపి, మెత్తని శరీరాన్ని బయటికి లాగి మింగింది. అది లేచిపోయాక వెళ్లి గుల్లను చేతిలోకి తీసుకుని చూస్తే ఎక్కడా పగులు లేదు. నౌపడ వైపు మడుగుల్లో ఎర్రకాళ్ల కొంగ పద్ధతి వేరు: ముక్కు సగం తెరిచి నీళ్లలో ఉంచి నడుస్తుంది, చేప తగలగానే టక్కున మూస్తుంది, కంటితో పెద్దగా పని లేదు. గూడబాతు ఈదుతూ, గొంతు కింది సంచితో నీళ్లతో సహా చేపను తోడుకుంటుంది. నత్తలు వానలతో పెరుగుతాయి కాబట్టి నత్తగొట్టు కొంగ జూన్ ప్రాంతంలోనే వస్తుంది. తేలినీలాపురం చింతచెట్ల మీదికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సెప్టెంబరు తరువాత చేరుతాయి. అంటే తిండిలోనే కాదు, నెలల్లో కూడా పంపకం జరిగింది. ఈ పంపకాన్ని చూపితే నీ ముప్పై పేర్లలో మూడు చాలు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్త. "నత్తలు తినడం కోసం ప్రకృతి ఈ కొంగకు అటువంటి ముక్కు ఇచ్చింది" అని రాశావు. ఎవరూ ఇవ్వలేదు. ముక్కు తీరులో పుట్టే చిన్న చిన్న తేడాల్లో తిండికి అక్కరకు వచ్చినవి ఉన్న పక్షులు ఎక్కువ పిల్లలను మిగిల్చాయి, తరతరాలుగా ఆ తేడాలు పోగుపడ్డాయి. 1858లో డార్విన్, వాలెస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల పత్రాలూ ఒక సభలో కలిపి చదివినప్పుడు లోకానికి తెలిసిన విషయం ఇదే. "కోసం" అన్న మాటను ప్రతి చోటా అనుమానించు.

"ప్రకృతి సమతుల్యం" అన్న మాటను అయిదుసార్లు వాడావు, అయిదూ కొట్టివేశాను. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినప్పుడు నేనూ ఇటువంటి మాటనే వాడి తప్పు చేశాను. తుపాను అక్కడి జీవవైవిధ్యాన్ని తుడిచిపెట్టిందని ఒక పత్రికకు రాశాను. వాళ్లు అచ్చు వేశారు. చదివిన జీడి రైతు ఒకాయన మరుసటి ఏడాది తన తోటకు రమ్మన్నాడు. ఏళ్ల తరబడి నీడ వీడని నేల మీద ఎండ పడుతోంది. తుమ్మి, వెంపలి, ఉత్తరేణి, నాకు పేరు తెలియని రెండు రకాల గడ్డి మోకాలెత్తు లేచాయి. మోడు బెరడు కింద పురుగులు, వాటి కోసం వడ్రంగిపిట్ట. "సెట్టు పడిపోనాది గానీ బాబూ, నేలలో ఇత్తనం ఉంది గదా" అన్నాడాయన. ఆ మాట ఆధారంగా తుపాను మేలు చేసిందని రాయకు. జీడి మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లన్నీ ఆయనవే.

దెబ్బ తగిలిన చోట వేరే జాతులకు తావు దొరకడమన్న ఈ విషయాన్నే జోసెఫ్ కానెల్ అనే శాస్త్రవేత్త 1978లో వర్షారణ్యాలు, పగడపు దిబ్బల విషయంలో ప్రతిపాదించాడు. దెబ్బ మరీ తరచుగా తగిలితే త్వరగా మొలిచేవే మిగులుతాయి, ఎన్నడూ తగలకపోతే బలమైనవి చోటంతా ఆక్రమిస్తాయి, నడిమి స్థితిలో ఎక్కువ జాతులకు తావు దొరుకుతుంది అన్నాడు. తరువాతివారు దీనిపై గట్టి అభ్యంతరాలే లేవదీశారు కనుక దీన్ని సూత్రంగా అప్పజెప్పకుండా, నువ్వు చూసే ప్రతి చోటా ప్రశ్నగా అడుగు. వేటాడే ప్రాణి కూడా ఇటువంటి పనే చేయగలదు. రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త అమెరికా పశ్చిమ తీరంలో ఒక రాతి ఒడ్డు నుంచి నక్షత్రచేపలను ఏరివేసి చూస్తే, అవి తినే ఆలుచిప్పలు రాళ్లను ఆక్రమించి, 15గా ఉన్న జాతులు 8కి పడిపోయాయి. 1966లో ఆయన ప్రకటించిన ఫలితమిది. మన తీరంలో ఇసుక ఎక్కువ కాబట్టి ఆ లెక్కను తెచ్చి ఇక్కడ అతికించవద్దు. తినేవాడు లేకపోతే తినబడేవాటిలో బలమైనది మిగతావాటి చోటు లాగేసుకోవచ్చన్న ఊహను మాత్రం వెంట ఉంచుకో.

దూరం సంగతి నీకు తట్టినట్లు లేదు. తూర్పు కనుమలు ఒకే గోడలా లేవు. నదులు కోయగా తెగిన కొండలు అవి. రామతీర్థం కొండల వంటివైతే పొలాల మధ్య దీవుల్లా నిలిచాయి. దీవి ఎంత పెద్దది, మూలభూమికి ఎంత దూరం అన్నదాన్ని బట్టి అక్కడ నిలిచే జాతుల సంఖ్య మారుతుందని మకార్థర్, విల్సన్ అనే శాస్త్రవేత్తలు 1967లో వివరించారు. వరిచేలు దాటి ఆ కొండకు చేరగలిగిన విత్తనమేది, చేరలేనిదేది? గాలికి ఎగిరేది, పిట్ట మింగి మోసేది, బరువై చెట్టు కిందే పడేది, ఈ మూడింటినీ వేరుచేసి చూస్తే నీకొక కొత్త వ్యాసం దొరుకుతుంది. అది తరువాత రాయవచ్చు.

ఇప్పటికి రెండో పేజీలోని జాబితా మొత్తం తీసివేసి, పొలంగట్టు దగ్గర మొదలుపెట్టు. ఈ వానలకు తేలుకుంచి వెళ్లినప్పుడు గట్ల వెంట ఖాళీ గుల్లలు ఏరి, ఎన్ని పగిలాయో, ఎన్ని పగలలేదో లెక్క రాసుకో. ఆ లెక్కతో సహా వ్యాసం మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి