మాటకు మాట: ‘డ్రై’ అంటే ఎండిందేనా?

ప్రశ్న: గుంటూరులో ఒక డాక్యుమెంట్ రైటర్ గారి దగ్గర రెండేళ్లుగా పని నేర్చుకుంటున్నాను. పోయిన నెల ప్రత్తిపాడు వైపు నుంచి ఒక పెద్దాయన పాత ఇంగ్లీషు దస్తావేజు తెచ్చి తెలుగులో రాసిపెట్టమన్నారు. అందులో ‘డ్రై ల్యాండ్’ అని ఉన్నచోట నేను ‘ఎండిపోయిన భూమి’ అని రాశాను. చదివి ఆయన చాలా నొచ్చుకున్నారు. ‘మా నాన్న కొన్న పొలం బాబూ, ఏనాడూ ఎండిపోలేదు’ అన్నారు. మా గురువుగారు దాన్ని ‘మెట్ట’ అని దిద్దారు. డిక్షనరీ తీస్తే డ్రైకి బోలెడు అర్థాలున్నాయి. ఎక్కడ ఏది వాడాలో తెలుసుకునేదెలా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ పెద్దాయన బాధ నాకు బాగా అర్థమైంది. మా నాన్నకూ అటువైపే నాలుగెకరాల నల్లరేగడి ఉండేది. కాలువ లేదు, బావి లేదు. పైన బీటలు వేసినా, పెల్ల తిరగేస్తే అడుగున చేతికి చల్లగా తగిలేది. వానాకాలంలో తాగిన నీటిని ఆ నేల అంతకాలం దాచుకునేది. ఆ తేమ మీదే కంది, పత్తి, మిరప పండించి మమ్మల్ని చదివించారు. అలాంటి పొలాన్ని ‘ఎండిపోయింది’ అంటే, రైతు చెవికి పంట పోయిందన్నట్టే వినపడుతుంది.

రెవెన్యూ వాళ్ల డ్రై నేల ఎలా ఉందో చెప్పదు, దానికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో చెబుతుంది. కాలువో చెరువో పారితే వెట్, మన మాగాణి. వానే దిక్కయితే డ్రై, మన మెట్ట. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక తెనాలి, రేపల్లె వైపు మాగాణి పెరిగింది. తర్వాత 1967లో సాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలాక పల్నాడులో ఇంకో రకం సాగుకు పేరు కావాల్సి వచ్చింది. వరికి పెట్టినట్టు నీళ్లు నిలబెట్టరు, మధ్యమధ్యలో తడులిస్తారు. ఇంజనీర్లు దాన్ని ‘ఇరిగేటెడ్ డ్రై’ అంటారు. దాన్ని డిక్షనరీ చూసి తెలుగు చేస్తే ‘నీళ్లు పెట్టిన ఎండు’ అని ఏ అర్థమూ లేని మాట వస్తుంది. తెలుగులో అది ‘ఆరుతడి’. ఆరడం, తడవడం రెండూ ఆ ఒక్క మాటలో ఇమిడాయి. ఇంగ్లీషు పాఠాలు చెప్పినన్నాళ్లూ మంచి అనువాదం అంటే ఏమిటని పిల్లలు అడిగితే నేను ఈ మాటే చూపించేవాణ్ణి.

ఇది భాషా సరదా మాత్రమే అనుకోకండి. 2015లో రాజధాని కోసం భూములు సమీకరించినప్పుడు కౌలు లెక్క మెట్టకు ఎకరానికి ఏడాదికి 30 వేలు, నది పక్కన నీటి వసతి ఉన్న జరీబు భూమికి 50 వేలు. కాగితం మీద ఒక్క మాట మారితే ఒక కుటుంబానికి అంత తేడా వస్తుంది. అందుకే మీ గురువుగారి దిద్దుబాటును జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి.

ఇక మీరు అడిగిన అసలు సంగతి. డ్రై ఎదురైనప్పుడల్లా ‘ఇక్కడ లేనిదేమిటి?’ అని అడగండి. చాలాచోట్ల అర్థం దానంతటదే బయటపడుతుంది. మెట్టలో లేనిది కాలువ నీరు. డ్రై కాఫ్‌లో కఫం ఉండదు కాబట్టి పొడి దగ్గు. డ్రై వైన్‌లో లేనిది తీపి. డ్రై డే నాడు మద్యం అమ్మరు. మన రాష్ట్రంలో 1995లో సంపూర్ణ మద్యనిషేధం పెట్టి 1997లో సడలించారు. ఆ రెండేళ్లూ ఇంగ్లీషువాళ్ల లెక్కన మనది డ్రై రాష్ట్రం. అప్పుడు వానలు పడలేదని దానర్థం కాదు.

డ్రై క్లీనింగ్ అంటే బట్టను అసలు తడపరని మా ఆవిడ చాలాకాలం అనుకుంది. తడుపుతారు, నీళ్లతో మాత్రం కాదు. పెర్‌క్లోరోఇథిలీన్ లాంటి ద్రావకంలో వేసి తిప్పుతారు. నూనె మరక దానిలో కరుగుతుంది, నీళ్లు తగలవు కాబట్టి పట్టు ముడుచుకోదు. టార్చిలైటు డ్రై సెల్ కూడా అంతే. చిన్నప్పుడు అయిపోయిన బ్యాటరీని రాయితో పగలగొడితే లోపల నల్లటి ముద్ద తడితడిగా ఉండేది. నవాసాగరం కలిసిన ముద్ద అది. పాతకాలపు సెల్‌లో లాగా ఒలికే ద్రవం లేదు కాబట్టి దానికి డ్రై అని పేరు.

2020 డిసెంబరు 28న కోవిడ్ టీకాకు కృష్ణా జిల్లాలో ‘డ్రై రన్’ జరిగింది. విజయవాడలో కూడా చేశారు. పేర్లు నమోదు చేయడం, గదిలో కూర్చోబెట్టడం, అరగంట గమనించడం అన్నీ జరిగాయి, టీకా మందొక్కటే లేదు. దీనికి తెలుగులో ఎండు, పొడి ఏదీ అతకదు. ‘ముందస్తు కసరత్తు’ అంటే చాలు.

మనుషుల దగ్గరకు వచ్చేసరికి తెలుగు ఇంకా బాగుంటుంది. డ్రైగా జవాబిచ్చాడంటే పొడిపొడిగా మాట్లాడాడని. పాఠం డ్రైగా ఉందంటే చప్పగా, నీరసంగా ఉందని. నీరసం అంటే మొదట రసం లేకపోవడమే కదా, రెండు భాషలూ ఇక్కడ ఒకే దారిన నడిచాయి. డ్రై హ్యూమర్‌ను మాత్రం ‘పొడి హాస్యం’ అని రాయకండి. తాను నవ్వకుండా ఎదుటివాళ్లను నవ్వించడం అని విడమరచి చెప్పండి. పాలివ్వడం ఆపేసిన గేదెనూ ఇంగ్లీషులో డ్రై అంటారు. మన ఊళ్లో ఎవరిని అడిగినా ‘ఒట్టిపోయింది’ అంటారు. అది డిక్షనరీలో దొరక్కపోతే పాలవాడిని అడగండి. భూమి మాట రైతును, బట్ట మాట చాకలిని అడగడానికి మొహమాటపడొద్దు.

ప్రశ్న: డ్రై ఫ్రూట్స్ అనాలా, డ్రైడ్ ఫ్రూట్స్ అనాలా? జీడిపప్పు కూడా అందులోకి వస్తుందా? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: మన దేశపు ఇంగ్లీషులో డ్రై ఫ్రూట్స్ అంటే జీడిపప్పు, బాదం, కిస్‌మిస్ అన్నీ. ఇక్కడ అది తప్పేమీ కాదు. ఇంగ్లండులో అయితే కిస్‌మిస్, ఖర్జూరం లాంటివి డ్రైడ్ ఫ్రూట్, జీడిపప్పు, బాదం నట్స్. బయటి దేశాలకు ఉత్తరం రాసేటప్పుడు విడివిడిగా రాయండి.

డ్రైడ్ అంటే ఒకప్పుడు తడిగా ఉండి, ఆ తర్వాత ఎండినదనో, ఎవరో ఎండబెట్టారనో అర్థం. కళ్లంలో పోసిన మిరపకాయను రైతు చెవి దగ్గర ఊపి చూస్తాడు. లోపల గింజలు గలగలమంటే అప్పుడది ఎండుమిర్చి. పైన ఉత్తరం రాసిన అబ్బాయి కూడా ఇది చూడాలి. ఆ దస్తావేజు హద్దుల్లో ఎక్కడైనా ‘డ్రైడ్ అప్ ట్యాంక్’ అని ఉంటే, అక్కడ ‘ఎండిపోయిన చెరువు’ అనే రాయాలి.