మాత్రలు మానేసి రాసిన కవితల గురించి

తమ్ముడూ,

కవితలు అందాయి, పదకొండూ చదివా. రాత్రి నిద్ర పట్టనివ్వనిది మాత్రం కవితలు కాదు, కింద నువ్వు రాసిన ముక్క, "మాత్రలు మానేశాకే ఇవన్నీ వచ్చాయి అక్కా" అని.

మనసు జబ్బు మాత్రలు మానేస్తేనే కవిత్వం వస్తుందని ఎవరు ఎక్కించార్రా నీకు? తొంభైల్లో నాకూ ఒక ఎడిటర్ ఎక్కించాడు, కవితలు తిప్పి పంపుతూ "కవికి కాస్త పిచ్చి ఉండాలమ్మా" అన్నాడు, ఆ మాటకి ఇప్పటికీ కోపం పోలేదు నాకు. ఆ మరుసటేడు నిజంగానే జబ్బు చేసింది. విద్యానగర్‌లో అద్దె గది, మూడు నెలలు నిద్రే లేదు, నోట్‌బుక్కులకి నోట్‌బుక్కులు నింపేశా, ఏది రాసినా మహాకావ్యంలా అనిపించేది. మందులు పట్టి మనిషినయ్యాక తీసి చూస్తే నిలబడినవి నాలుగు లైన్లు. ఆ నాలుగూ కవిత అయింది కూడా తర్వాతే, చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని పదిహేనుసార్లు తిరగరాస్తే.

రచయితలకీ మనసు జబ్బుకీ ముడి ఉందన్న అమెరికాలోని అయోవా యూనివర్సిటీ స్టడీ గురించి రాశావు. నిజమే, 1987లో సైకియాట్రిస్ట్ నాన్సీ ఆండ్రియాసెన్ 30 మంది రచయితల్ని చూస్తే 80 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు మూడ్ జబ్బు వచ్చిందని తేలింది, మామూలువాళ్ళలో 30 శాతం. అయితే 30 మందే కదా, పైగా డిప్రెషన్‌లోనో మేనియాలోనో (అదుపు లేని హుషారు) ఉన్నప్పుడు రాయలేమని ఆ రచయితలే ఆవిడకి చెప్పారు, అది నీకెవరూ చెప్పలేదా? అమెరికన్ కవి రాబర్ట్ లోవెల్ 1967లో మూడ్ జబ్బుకి లిథియం మందు మొదలుపెట్టాడు, ఆ తర్వాత రాసిన పుస్తకానికే 1974లో పులిట్జర్ వచ్చింది. బెంగాలీ కవి నజ్రుల్ ఇస్లామ్‌కి 1942లో మెదడు జబ్బు చేసి మాటే పోయింది, 1976 దాకా బతికాడు, ఒక్క కవిత లేదు. జబ్బు రాయదు తమ్ముడూ, జబ్బు తగ్గిన పూట మనం రాస్తాం.

మాత్రలతో బుర్ర మొద్దుబారుతోందన్నావు, ఉండొచ్చు, నాకూ అయింది, డాక్టర్‌కి చెబితే రెండుసార్లు మందు మార్చారు. నీ అంతట నువ్వు ఆపకు. రాత్రిపూట మరీ కష్టమైతే 14416 కి కొట్టు, టెలీమానస్ అని మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ కవితల్ని పుస్తకం చేయడం, దానికి ముందుమాట సంగతి ఇప్పుడొద్దు.

మూడో కవిత, అమ్మ ఆదివారం మాత్రల డబ్బాలో వారానికి సరిపడా సర్దేది, అది చదివి ఏడ్చా. కింద తేదీ చూశావా, పోయిన డిసెంబర్. అప్పుడు మాత్రలు వేసుకుంటూనే ఉన్నావు కదరా.

శనివారం పదింటికి లైబ్రరీ గేటు దగ్గర ఉంటా. డాక్టర్ అపాయింట్‌మెంట్ ఎప్పటికి తీసుకున్నావో అప్పుడు చెప్పు, కావాలంటే నేనూ వస్తా.

అక్క