ఆవిడ గురించి రాసే ముందు

చెల్లెమ్మా,

నువ్వు పంపిన సంస్మరణ వ్యాసం రెండుసార్లు చదివాను. మీ రోటరీ క్లబ్బులో అన్నేళ్లు పనిచేసిన పెద్దావిడ పోయారనీ, సంతాప సభలో చదవడానికీ తర్వాత ప్రత్యేక సంచికలో వేయడానికీ నిన్నే రాయమన్నారనీ, చాలా టెన్షన్‌గా ఉందనీ రాశావు. ఇలాంటిది రాసేటప్పుడు ఆ మాత్రం టెన్షన్ ఉండాలి. మనం తప్పు రాస్తే దిద్దడానికి ఆవిడ లేరు.

నేరుగా చెప్తాను, నొచ్చుకోకు. మొదటి పేరాలోనే "నిస్వార్థ సేవామూర్తి", "అలుపెరగని కృషి", "చెరగని చిరునవ్వు" అని రాశావు. అవి అబద్ధాలని నేననను, ఆవిడ నిజంగానే అలాంటి మనిషి అయుంటారు. కానీ రెండు పేజీలు చదివాక కూడా ఆవిడ పొద్దున్నే వచ్చి ఏం పని చేసేవారో నాకు తెలియలేదు. కుర్చీలు వేసేవారా, లెక్కలు రాసేవారా, శిబిరానికి వచ్చినవాళ్ల పేర్లు రాసుకునేవారా, డాక్టర్లకు ఫోన్లు చేసేవారా? నాకు కావలసింది అది.

నా సంగతి ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఒక క్లబ్బులో ఎప్పట్నుంచో పనిచేస్తున్న పెద్దాయన పోతే నేనే రాశాను. చాలా బాగా రాశానని అందరూ మెచ్చుకున్నారు. కొన్ని నెలల తర్వాత కంటి శిబిరం జరిగింది, శుక్లాల ఆపరేషన్లు బాగానే అయ్యాయి, కానీ మళ్లీ చూపించుకోవడానికి రావలసినవాళ్లలో చాలామంది రాలేదు. ఆపరేషన్ అయిపోతే పని అయిపోయినట్టు కాదు, చుక్కలు కొన్ని వారాలు వేసుకోవాలి, కన్ను ఎర్రబడినా నొప్పి వచ్చినా వెంటనే రావాలి, మధ్యలో డాక్టరు చూడాలి. ఎందుకు రాలేదా అని కనుక్కుంటే తేలిందేమిటంటే, అన్నేళ్లూ ముందురోజు సాయంత్రం ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "రేపు రావాలి, చుక్కల సీసా తెచ్చుకోండి" అని చెప్పింది ఆయనే. ఎవరూ చెప్పమనలేదు, ఏ రిపోర్టులోనూ రాయలేదు. ఆ పని ఆగిపోయాకే మాకు కనపడింది. నేను రాసిన వ్యాసంలో ఆ ఫోన్ల గురించి ఒక్క ముక్క లేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకని క్లబ్బువాళ్లను "ఆవిడ గురించి చెప్పండి" అని అడగకు. అలా అడిగితే అందరూ నువ్వు రాసిన ఆ మూడు మాటలే చెప్తారు. "ఆవిడ పోయాక ఏ పని ఆగిపోయింది, ఇప్పుడు ఎవరు చేస్తున్నారు, దేనికోసం వెతుక్కుంటున్నారు" అని అడుగు. తాళాలు ఎక్కడున్నాయో, రక్తదాతల జాబితా ఎవరి దగ్గరుందో, ప్లేట్‌లెట్లు ఐదారు రోజులకు మించి నిలవుండవు కాబట్టి అర్ధరాత్రి అవసరమొస్తే ఎవరికి ఫోన్ చేస్తే నిద్ర లేచి వస్తారో, ఇలాంటివన్నీ ఒక మనిషి తలలో ఉండిపోతాయి. మీ క్లబ్బులో ప్రెసిడెంటు ఏటా జూలై 1న మారతారు కదా. అది మంచి పద్ధతే, అందరికీ అవకాశం వస్తుంది. కానీ ఏటా కొత్తవాళ్లు వచ్చే చోట పాత సంగతులు గుర్తుంచుకునేది, పదవి లేకుండా ఏళ్ల తరబడి ఉండిపోయిన ఇలాంటి మనిషే. హాలు గోడ మీది బోర్డులో ప్రెసిడెంట్ల పేర్లుంటాయి, ఆవిడ పేరుండదు. నీ వ్యాసం అక్కడ అవసరం.

ఇంకో ముఖ్యమైన విషయం. "34 ఏళ్ల సేవ" అని రాశావు. ఆ లెక్క సభ్యత్వం పుస్తకంలో చూసి రాసుంటావు, కానీ అక్కడితో ఆగకు. రోటరీ 1905లో షికాగోలో నలుగురు మగవాళ్లతో మొదలైంది. ప్రపంచమంతటా ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకోవచ్చని నియమం మార్చింది 1989లో. అంటే 84 ఏళ్ల పాటు ఆడవాళ్లు సభ్యుల భార్యలుగానో, అక్కచెల్లెళ్లుగానో వచ్చి శిబిరాల్లో పనిచేసినా చాలాచోట్ల వాళ్ల పేరు పుస్తకంలోకి ఎక్కలేదు. 1924లో మాంచెస్టర్‌లో మార్గరెట్ గోల్డింగ్ సభ్యుల భార్యలను కూడగట్టి ఇన్నర్ వీల్ ప్రారంభించారు, అలా కొందరికి తమదంటూ ఒక సంస్థ దొరికింది, కానీ అందరికీ కాదు. మీ పెద్దావిడ భర్త కూడా 1989కి ముందు నుంచే సభ్యులని నువ్వే రాశావు. మరి ఆ ఏళ్లలో ఆవిడ ఎక్కడున్నారు? ఇంట్లో కూర్చున్నారని నేననుకోను. పాత ఫోటోలు తెప్పించు, వెనక వరసలో, బల్లల దగ్గర, పిల్లలను ఎత్తుకుని నిలబడ్డవాళ్లలో వెతుకు. దొరికితే ఆ 34 అన్న అంకె మార్చాలి. నా దృష్టిలో నీ వ్యాసంలో అన్నిటికన్నా విలువైన దిద్దుబాటు అదే.

పోలియో గురించి రాసిన పేరా చూశాను. రోటరీ 1985లో పోలియోప్లస్ అనే పోలియో నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టిందనీ, 1988లో ప్రపంచవ్యాప్త కార్యక్రమం ప్రారంభమైనప్పుడు ఏడాదికి సుమారు 3,50,000 మంది పిల్లలకు ఆ జబ్బు వచ్చేదనీ రాశావు. నిజమే, ఉంచు. కానీ అంత పెద్ద అంకె పక్కన ఆవిడ కనపడకుండా పోయారు. చుక్కల మందు పెట్టె మోసేవారని ఒక్క వాక్యంలో తేల్చేశావు, అక్కడే ఆగి రాయాల్సింది. ఆ సీసా మీద చిన్న గుండ్రటి గుర్తు, దాని మధ్యలో ఒక చదరం ఉంటాయి. చదరం చుట్టూ ఉన్న రంగు కన్నా లేతగా ఉంటేనే మందు వాడాలి, వేడి తగిలి చదరం ఆ రంగులోకి వచ్చేసినా, ఇంకా ముదిరినా పక్కన పెట్టేయాలి. ఆవిడతో కలిసి తిరిగినవాళ్లు ఎవరైనా ఉంటే అడుగు, ప్రతి సీసా చూసేవారా, కళ్లజోడు పెట్టుకుని వెలుతురులో పట్టి చూసేవారా అని. వాళ్లు చెప్తేనే రాయి. చెప్పకపోతే ఊహించి రాయొద్దు, ఎంత అందంగా వచ్చినా సరే.

ఆవిడ కోపం గురించి ఒక వాక్యం రాసి కొట్టేశావు, నీ ఫైలులో ఆ కొట్టివేత కనపడుతోంది. ఆలస్యంగా వచ్చిన వాలంటీర్ల మీద అందరి ముందూ గట్టిగా అరిచేవారని. ఎందుకు కొట్టేశావు? పొద్దున్నుంచీ వరసలో నిలబడ్డ ముసలివాళ్లను చూసి వచ్చిన కోపం అది, దాచుకోవాల్సింది కాదు. తిట్లు తిన్నవాళ్లు ఇప్పుడు దాని గురించి ఏమంటారో కనుక్కుని ఆ వాక్యం మళ్లీ పెట్టు. అయితే కుటుంబానికి ముందే చదివి వినిపించు, సభలో మొదటిసారి వినేలా చేయకు. అలాగే ఆవిడ సాయం అందుకున్నవాళ్ల పేర్లు, జబ్బుల వివరాలు వాళ్లను అడక్కుండా వేయొద్దు, ఫోటోలు అసలే వద్దు.

సభలో చదవడానికి ఐదు నిమిషాలు చాలు. మిగతాదంతా సంచికకు ఉంచుకో, తొందరేం లేదు. ముందు పాత మినిట్స్ పుస్తకాలు, అంటే సమావేశాల్లో జరిగింది రాసిపెట్టేవి, చూడాలి, ముఖ్యంగా 1989కి ముందువి. సెక్రటరీ దగ్గర లేవంటున్నారని రాశావు కదా, ఆవిడ ఇంట్లో అడిగి చూడు. అక్కడే భద్రంగా ఉండుంటాయని నా నమ్మకం.

ప్రేమతో,
అన్నయ్య