టెక్ సందేహాలు: ఇన్సులిన్ పెన్ను సున్నా చూపితే డోసు పూర్తయినట్టేనా?

ప్రశ్న: మా అమ్మగారికి ఇన్సులిన్ పెన్నుతో ఇస్తున్నాం. పెన్నుపై డోసు అంకె కనిపించే కిటికీలో సున్నా వచ్చాకే బయటికి తీస్తున్నా సూది కొన నుంచి మందు కారుతోంది. లోపల గాలి బుడగ కూడా ఉంది. సూదిని వారానికోసారి మారుస్తాం, అప్పటిదాకా పెన్నుకే ఉంచి ఫ్రిజ్‌లో పెడతాం. పెన్ను పాడైందంటారా? (ఖమ్మం పాఠకురాలు)

పెన్ను పాడైనట్టు లేదమ్మా. కారణం మీ ప్రశ్నలోనే ఉంది. ఈ సూదికి రెండు మొనలుంటాయి. ఒకటి చర్మంలోకి దిగేది, రెండోది వెనుక వైపు నుంచి కార్ట్రిడ్జ్ (పెన్నులో మందు ఉండే గొట్టం) రబ్బరు బిరడాను పొడిచేది. సూది తగిలించి ఉన్నంతసేపూ ఆ దారి తెరిచే ఉంటుంది. ఫ్రిజ్‌లో చల్లబడినప్పుడు మందు కుంచించుకుని గాలిని లోపలికి లాగుతుంది, బయట వేడెక్కితే కొంత కారిపోతుంది. మీకు కనిపిస్తున్న బుడగ అలా చేరిందే అయి ఉంటుంది. బటన్ నొక్కగానే ముందు ఆ గాలి నలుగుతుంది, ఆ తర్వాత మెల్లగా విచ్చుకుంటూ మందును తోస్తుంది. ఈలోపు మీరు సూది తీసేస్తున్నారు.

కిటికీలోని అంకె లోపలి కడ్డీ ఎంత కదిలిందో మాత్రమే చెబుతుంది. ఒంట్లోకి ఎంత వెళ్లిందో దానికి తెలియదు. అందుకే ప్రతిసారీ కొత్త సూది బిగించి, సూదిపై ఉండే పెద్ద మూత, దాని లోపలి చిన్న మూత రెండూ తీసి, 2 యూనిట్లు తిప్పి, సూదిని పైకి పట్టుకుని గాలిలోకి నొక్కండి. కొనపై చుక్క కనిపించాలి. కనిపించకపోతే మళ్లీ చేయండి, అప్పటికీ రాకపోతే సూది మార్చి చూడండి. కొత్త సూదితోనూ రాకపోతే అప్పుడు పెన్నును అనుమానించాలి. డోసు ఇచ్చేటప్పుడు బటన్‌ను నొక్కి ఉంచే, సూది లోపల ఉండగానే, నెమ్మదిగా పది లెక్కపెట్టి తీయండి. కొంత కారిందని అంచనా వేసి మళ్లీ ఇవ్వవద్దు.

ఒక్క విషయం తప్పకుండా గుర్తుంచుకోండి. ఇన్నాళ్లూ మందు సగం కారిపోతుంటే, షుగర్ తగ్గడం లేదని డాక్టరు డోసు పెంచి ఉండవచ్చు. ఇప్పుడు పూర్తి డోసు లోపలికి వెళితే షుగర్ బాగా పడిపోయే ప్రమాదం ఉంది. పద్ధతి మార్చే ముందే డాక్టరుకు చెప్పండి, మొదటి కొన్ని రోజులు ఎక్కువసార్లు పరీక్షించండి.

వాడకంలో ఉన్న పెన్నును సాధారణంగా 30 డిగ్రీలలోపు గదిలోనే ఉంచవచ్చు. మీ ఊరి ఎండల్లో అది కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టవచ్చో లేదో పెన్నుతో వచ్చిన కాగితంలో చూడండి. ఎక్కడ పెట్టినా సూది తీసేసే పెట్టాలి.

ప్రశ్న: ఒకే సూదిని స్పిరిట్‌తో తుడిచి మూడు నాలుగు రోజులు వాడుతున్నాను. తప్పా? లావుగా ఉంటాను కాబట్టి 8 మిల్లీమీటర్ల సూది కొంటున్నాను. (ఏలూరు పాఠకుడు)

తప్పే. సూది సాఫీగా దిగడానికి దానిపై పలుచని సిలికాన్ పూత ఉంటుంది, స్పిరిట్ దాన్ని తుడిచేస్తుంది. మొన మొద్దుబారుతుంది, మిగిలిన మందు ఎండి సన్నని రంధ్రం మూసుకుపోవచ్చు. అరిగిన సూదితో ఒకేచోట పొడుస్తూ ఉంటే చర్మం కింద గడ్డలు కట్టే అవకాశం పెరుగుతుంది. గడ్డలోకి ఎక్కించిన ఇన్సులిన్ ఒకరోజు ఒకలా, మరోరోజు మరోలా పనిచేస్తుంది. కిందటిసారి పొడిచిన చోటికి కనీసం వేలి వెడల్పు దూరం జరగండి. గడ్డలు ఇప్పటికే ఉంటే, చోటు మార్చే ముందు డోసు సంగతి డాక్టరుతో మాట్లాడండి. సూదుల ఖర్చు భారమవుతోందా? అది దాచుకోవాల్సిన విషయం కాదు, అదీ డాక్టరుకు చెప్పండి.

పొడవు విషయానికొస్తే, మన చర్మం మందం సుమారు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లే. లావుగా ఉన్నవారికీ 4 మిల్లీమీటర్ల సూది నిటారుగా దించితే సరిపోతుంది. పొడవు సూది కండరంలోకి దిగితే మందు త్వరగా పీల్చుకుని షుగర్ పడిపోవచ్చు. వాడిన సూదిపై చిన్న మూత మళ్లీ తొడగబోతే వేలికి గుచ్చుకోవచ్చు. పెద్ద మూతతోనే విప్పి, మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించండి. చెత్త ఎత్తే కార్మికుల చేతుల గురించి కూడా మనం ఆలోచించాలి.

ప్రశ్న: పెన్ను బిగుసుకుపోయినప్పుడు మామూలు సిరంజితో అందులోని మందు లాగి వాడవచ్చా? (కర్నూలు పాఠకుడు)

వద్దు, ఎంత అత్యవసరమైనా వద్దు. మన దేశంలో సీసాల్లో దొరికే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లది, ఎర్ర మూత సిరంజిపై గీతలు దాని కోసమే. పెన్నుల్లో సాధారణంగా ఉండేది 100 యూనిట్లది. ఆ సిరంజిలో 10 గీత దాకా పెన్ను మందు లాగితే ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు. ప్రాణం మీదికి వస్తుంది. అదనపు పెన్ను ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఇంకొకరి పెన్ను మాత్రం అడగవద్దు. సూది మార్చినా వారి రక్తం కార్ట్రిడ్జ్‌లోకి చేరి ఉండవచ్చు.

ప్రశ్న: ఫోనుకు డోసు వివరాలు పంపే స్మార్ట్ పెన్ను కొనవచ్చా? (హైదరాబాద్ పాఠకురాలు)

‘ఇందాక వేసుకున్నానా లేదా’ అన్న అనుమానం తరచూ వస్తుంటే నిజంగా ఉపయోగపడుతుంది. ఏ వేళకు ఎన్ని యూనిట్లు బయటికి పంపిందో అది గుర్తుంచుకుంటుంది. అయితే సూది మూసుకుపోయిందా, మందు చర్మం మీదే కారిందా అన్నది దానికీ తెలియదు. డబ్బు పరిమితమైతే ముందు ప్రతి డోసుకూ కొత్త సూది కొనుక్కోండి, డోసు వేళలకు ఫోనులో అలారం పెట్టుకుని వేసుకోగానే పుస్తకంలో రాసుకోండి.