బాగా ఇష్టపడి చదివిన ఫాంటసీ నవల సినిమాగా వచ్చి మిమ్మల్ని నిరాశపరిచిందా?

నన్ను నిరాశపరిచింది 'ది హాబిట్'. ఇంగ్లిష్ రచయిత టోల్కీన్ తన పిల్లలకు చెప్పిన కథ అది, 1937లో పుస్తకంగా వచ్చింది. బిల్బో అనే హాబిట్, అంటే మనకన్నా బాగా పొట్టివాడు, కొండ లోపల డ్రాగన్ దాచుకున్న బంగారం కోసం డ్వార్ఫ్‌లనే మరుగుజ్జులతో కలిసి వెళ్తాడు. మూడొందల పేజీలు, అటూఇటూగా. దాన్ని పీటర్ జాక్సన్ 2012, 2013, 2014లలో వరసగా మూడు సినిమాలు చేశాడు. ముందు రెండే అన్నారు, ఆ రెండూ మూడయ్యాయి. 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' తీసిన మనిషే కదా అని నేను చాలా ఆశపడ్డాను.

చేర్పులుంటాయి, తప్పదు. 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లో ఉండే లెగోలస్ ఈ నవలలో లేడు. టౌరియెల్ అనే అమ్మాయి అయితే టోల్కీన్ రాసిన ఏ పుస్తకంలోనూ లేదు, ఆమెకీ డ్వార్ఫ్‌లలో ఒకడైన కీలీకీ ఒక ప్రేమకథ కూడా కలిపారు. ఎప్పుడో చచ్చిన అజోగ్ అనే రాక్షసుణ్ణి బతికించి మూడు భాగాలూ వెంటపడేలా చేశారు. ఇవన్నీ ఎలాగోలా సర్దుకున్నాను.

సర్దుకోలేకపోయింది సొరంగం దగ్గర. పన్నెండో అధ్యాయంలో బిల్బో ఒక్కడే కొండ లోపలికి దిగుతాడు, బాలిన్ అనే డ్వార్ఫ్ కాస్త దూరం తోడొచ్చి ఆగిపోతాడు. చిమ్మచీకటి, దూరంగా ఎర్రటి వెలుతురు, లోపలికి పోయేకొద్దీ వేడి, పొయ్యి మీద పెద్ద కుండ తెర్లుతున్నట్టు గురక. అక్కడ బిల్బో ఆగిపోతాడు. డ్రాగన్‌ని ఇంకా చూడనే లేదు. అక్కడి నుంచి ముందుకు కదలడమే అతను జీవితంలో చేసిన అన్నిటికన్నా ధైర్యమైన పని అంటాడు టోల్కీన్, అసలు యుద్ధం ఆ చీకట్లో ఒంటరిగానే చేసేశాడట. ఇంటర్‌లో ఉండగా చదివాను ఆ పేరా. క్లాసులో లేచి మాట్లాడాలంటే చెమటలు పట్టే రోజులవి. నా పేరు పిలిచేదాకా ఉండే ఆ కాసేపే అసలు కష్టం, తర్వాతది ఎలాగో గడిచిపోతుందని నాకు ఆ పేరాతోనే అర్థమైంది.

రెండో భాగానికి ఆ ఘట్టం కోసమే వెళ్లాను. బిల్బో అలా భయపడి ఆగిపోవడం నాకెక్కడా కనిపించలేదు. కాసేపట్లోనే బంగారం గుట్టలు, డ్రాగన్ మాటలు, ఆ తర్వాత డ్వార్ఫ్‌లంతా లోపలికొచ్చి కొలుములు వెలిగించి, కరిగిన బంగారంలో దాన్ని ముంచేద్దామని ఎంతసేపు పరుగులు పెడతారో! ఆ కొలుముల హడావిడి పుస్తకంలో ఒక్క ముక్క లేదు. మూడూ కలిపి దాదాపు ఎనిమిది గంటలు తీసి, ఒక చిన్నవాడు చీకట్లో నిలబడి భయపడడానికి చోటివ్వకపోతే ఎలా? నవల చివరి యుద్ధంలో బిల్బో రాయి తగిలి స్పృహ తప్పి పడిపోతాడు, మెలకువ వచ్చేసరికి అంతా అయిపోతుంది. సినిమాలో ఆ యుద్ధం పేరే మూడో భాగానికి పెట్టారు.

బిల్బోగా వేసిన మార్టిన్ ఫ్రీమన్‌ని మాత్రం ఒక్క మాట కూడా అనను. మొదటి భాగంలో గుహలో ఉండే గోలమ్ అనే వింత జీవితో పొడుపుకథల పోటీ చూడండి, ఒక గుహ, ఇద్దరు మనుషులు, మాటలు, అంతే. అచ్చం నేను ఊహించుకున్న బిల్బోనే. అలాంటి నటుడు చేతిలో ఉండి కూడా సొరంగాన్ని వదిలేశారనే నా బాధంతా.

మీరింకా చూడకపోతే ముందు పుస్తకం చదవండి. ఇంట్లో పిల్లలుంటే రోజుకో అధ్యాయం చదివి వినిపించండి, మొత్తం పంతొమ్మిదే. సినిమాల్లో మొదటిది చూసి ఆపేసినా ఏమీ పోదు.